ఐబీఎం వెళ్లిపోయాక ఆ మిషన్లని ఎవరు నడిపారు?

ఈ ఎపిసోడ్‌లో నా గొంతు విన్నవాళ్లకి ముందుగా ఒక మాట. రికార్డింగ్ రోజు నేను సైట్ నుంచి నేరుగా వచ్చి మైకు ముందు కూర్చున్నాను. అనుకున్నవి సగం చెప్పలేదు. ఒకట్రెండు తారీఖులు కూడా తడబడ్డాను. ట్రాన్‌స్క్రిప్ట్ కింద ఏదైనా రాసి పెట్టమన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. నేను రచయితని కాదు. హైదరాబాద్‌లో ఐటీఐ చేశాను, మెకానిక్ రేడియో అండ్ టీవీ ట్రేడు. ఆ తర్వాత గల్ఫ్, అక్కణ్నుంచి కెనడా. ఇప్పుడు సస్కటూన్‌లో ఇళ్లు కట్టే చోట సూపర్‌వైజర్ని. పగలంతా కాంక్రీటు, ప్లైవుడ్డు. రాత్రి పిల్లలు పడుకున్నాక బేస్‌మెంట్‌లో పాత కంప్యూటర్లు, సోల్డరింగ్ ఐరన్.

ఎపిసోడ్ మధ్యలో ఒక ప్రశ్న వచ్చింది, గుర్తుందా? "అన్నా, నువ్వు బాగుచేసేవన్నీ అమెరికా కంప్యూటర్లే కదా. మనవాళ్లు చేసినవి లేవా?" నేను "ఉండేవి" అన్నాను. అంతే, తర్వాత టాపిక్ మారిపోయింది. ఇంటికొచ్చాక ఆ "ఉండేవి" అన్న మాట నన్ను చాలా రోజులు తిన్నది. ఆరోజు చెప్పాల్సిన జవాబు ఇది.

ముందు నా మొదటి మిషన్ సంగతి చెప్తాను, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు.

నుటానా అని మా ఊళ్లో పాత ఏరియా ఒకటుంది, నది ఇవతల. అక్కడ ఒక ఇంటి బేస్‌మెంట్ పూర్తిగా విప్పి మళ్లీ కట్టే పని వచ్చింది. మెట్ల కింద అరలో ఒక అట్టపెట్టె, అందులో కమోడోర్ 64. ఇంటావిడ పెద్దావిడ, "మా అబ్బాయిది, పారేసేదే, కావాలంటే తీసుకో" అంది. ఇక్కడ పాత ఎలక్ట్రానిక్ సామాను సార్కాన్ డిపోలో ఇచ్చేస్తే రీసైక్లింగ్‌కి పోతుంది. ఆ పెట్టె కూడా అటే పోయేది.

కమోడోర్ 64 అంటే 1982లో వచ్చిన ఇంటి కంప్యూటర్. కీబోర్డు లోపలే మొత్తం మిషను, 64 కిలోబైట్ల మెమరీ, టీవీకి తగిలించుకుని వాడాలి. ఈ కంపెనీ పెట్టిన జాక్ ట్రామియల్ పోలండ్‌లో పుట్టిన యూదుడు, ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడ్డవాడు. అమెరికా వచ్చి ఆర్మీలో టైప్‌రైటర్లు బాగుచేయడం నేర్చుకున్నాడు, న్యూయార్క్‌లో రిపేరు షాపు పెట్టాడు, 1950ల్లో టొరంటో వచ్చి కమోడోర్ మొదలుపెట్టాడు. అంటే రిపేరు షాపులోంచి పుట్టిన కంపెనీ. ఇది తెలిసిన రోజు నాకు ఆ డబ్బా మీద ఇంకొంచెం ప్రేమ పెరిగింది.

పెట్టెలో ఉన్న కరెంటు అడాప్టరు మాత్రం నేను గోడకి పెట్టలేదు. ఈ మిషన్ల గురించి తెలిసిన ఎవరైనా ముందు చెప్పేది అదే. ఆ అడాప్టరు లోపల ఎపాక్సీ పోసి ఇటుకలా గట్టిపరిచేశారు, విప్పి చూడటానికి ఉండదు. ముసలిదయ్యాక లోపలి రెగ్యులేటర్ పోతే 5 వోల్టులు రావాల్సిన తీగలో అంతకన్నా ఎక్కువ వస్తుంది, మెమరీ చిప్పులు మాడిపోతాయి. కాబట్టి 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ ఇచ్చే సప్లై ఒకటి నేనే కట్టుకున్నాను. స్విచ్ వేస్తే స్క్రీన్ నల్లగా ఉంది. ఏమీ లేదు. నాలుగైదు నిమిషాలు ఉంచి, చిప్పుల మీద వేలు పెట్టుకుంటూ పోయాను. ఎనిమిది మెమరీ చిప్పుల్లో ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంది. దాని వీపు మీద మంచి చిప్పు ఒకటి కాలికి కాలు తగిలేలా ఎక్కించి మళ్లీ స్విచ్ వేశాను. నీలం స్క్రీన్ వచ్చింది, పైన "38911 బేసిక్ బైట్స్ ఫ్రీ" అని. రాత్రి పన్నెండున్నర. మా ఆవిడ్ని లేపి చూపిస్తే, "దీనికోసమా?" అంది. తర్వాత ఆ చెడిన చిప్పు తీసేసి, సాకెట్ వేసి కొత్తది పెట్టాను.

కొందరు పసుపెక్కిన ప్లాస్టిక్‌కి హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెట్టి మళ్లీ తెల్లగా చేస్తారు. నేను చెయ్యను. నలభై ఏళ్ల వయసుంటే నలభై ఏళ్లలాగే కనపడనీ.

ఇంకోటి, సస్కటూన్ చలికాలం గురించి. బయట మైనస్ 35, మైనస్ 40 ఉంటే ఇంట్లో ఫర్నేస్ గాలి ఎండిపోయి ఉంటుంది. కార్పెట్ మీద నడిచి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమని నిప్పురవ్వ ఎగురుతుంది. మనకది చురుక్కే, చిప్పుకి చావు. హైదరాబాద్‌లో చెప్పుల్లేకుండా సిమెంటు నేల మీద కూర్చుని పని చేసిన నాకు రిస్ట్ స్ట్రాప్ అంటే ఏంటో తెలీదు. ఇక్కడ అది చేతికి లేకుండా డబ్బా మూత తీయను.

కానీ అసలు పద్ధతి మాత్రం నేను కుషాయిగూడలో నేర్చుకున్నదే. మా మేనమామకి అక్కడ టీవీ రిపేరు షాపు ఉండేది, ఈసీఐఎల్ చౌరస్తాకి దగ్గర్లో. స్కూలు సెలవుల్లో నా కొలువు అక్కడే. ఏ టీవీ వచ్చినా మామ నేరుగా కరెంటు ఇచ్చేవాడు కాదు. చెక్క బోర్డు మీద 100 వాట్ల బల్బు ఒకటి, ఆ బల్బు గుండా పోయాకే కరెంటు టీవీకి చేరేది. సీరీస్ బల్బు అంటాం. లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, టీవీకి ఏమీ కాదు. "ముందు బల్బు పెట్టురా. ఏం పోయిందో అదే చెప్తది" అనేవాడు. ఇక్కడి హాబీవాళ్లు కూడా అచ్చం అదే వాడతారు, పేరు వేరు, అంతే. కెనడాలో 2014 నుంచి పాత రకం 100 వాట్ల బల్బులు ఆపేశారు కాబట్టి, విప్పే ఇళ్లలో అలాంటి బల్బు కనిపిస్తే నేను జేబులో వేసుకుంటాను. పాత మానిటర్ ఏది తెచ్చినా మొదట ఆ బల్బు ముందే నిలబడాలి.

మామకి కావాల్సిన పార్టులన్నీ కోఠీ గుజరాతీ గల్లీ నుంచి వచ్చేవి. కాగితం మీద కెపాసిటర్ విలువలు రాసిచ్చి నన్ను బస్సెక్కించేవాడు. ఒకసారి 25 వోల్టులది తెమ్మంటే 16 వోల్టులది తెచ్చి చెంపదెబ్బ తిన్నాను. ఇప్పటికీ కెపాసిటర్ కొనేటప్పుడు వోల్టేజీ రెండుసార్లు చూస్తాను.

ఇక ప్రశ్న దగ్గరికి వద్దాం. "మనవి లేవా?"

మన దేశంలో ఆఫీసుల్లో, కంపెనీల్లో కంప్యూటర్ అన్నది మొదట చాలామంది చూసింది ఐబీఎం 1401 రూపంలో. అమెరికాలో 1959లో వచ్చిన మిషన్ అది. ట్రాన్సిస్టర్లు బిగించిన చిన్న చిన్న కార్డులు వేల సంఖ్యలో లోపల గుచ్చి ఉంటాయి. మెమరీ అంటే ఆవగింజంత ఫెర్రైట్ రింగులు, వాటిలోంచి పూసలకి దారం గుచ్చినట్టు సన్నటి తీగలు. ఒక్కో రింగు ఒక్కో బిట్టు. ఎంత పెంచినా 16,000 అక్షరాలే పట్టేది. మీరు చదువుతున్న ఈ వ్యాసం అందులో పట్టదు.

అయితే ఇండియాకి వచ్చినవి చాలావరకు కొత్తవి కావు. అమెరికాలో, యూరప్‌లో వాడి వెనక్కి ఇచ్చేసిన మిషన్లని ఐబీఎం బొంబాయి ఫ్యాక్టరీకి తెచ్చేది. అక్కడ వాటిని విప్పి, శుభ్రం చేసి, పోయిన పార్టులు మార్చి, మళ్లీ బిగించి మన కంపెనీలకి అద్దెకిచ్చేది. అంటే నేను ఇప్పుడు బేస్‌మెంట్‌లో సరదాకి చేస్తున్న పని 1960ల్లో బొంబాయిలో ఒక పెద్ద పరిశ్రమ. మన వ్యాపార కంప్యూటర్ల చరిత్రలో చాలా భాగం ఒక రిపేరు షెడ్డులోంచి వచ్చింది. చదువుల పుస్తకాల్లో ఈ ముక్క అంత గట్టిగా చెప్పరు.

ప్రభుత్వానికి ఇదే కోపం. పాతబడ్డ మిషన్ని మాకు అంటగట్టి, అద్దె మాత్రం దండిగా వసూలు చేస్తారా అని. అందులో న్యాయం ఉంది. ఇటువైపు ఇంకోటి కూడా ఉంది. అవి పాత మిషన్లు కాబట్టే వాటిని విప్పి, బిగించే చేతులు మన దేశంలో తయారయ్యాయి. కొత్త మిషన్ పెట్టెలో వచ్చి ఉంటే సీలు తీసేవాళ్లే తయారయ్యేవాళ్లు. నా మటుకు నాకు రెండూ నిజమే.

1973లో ఫెరా చట్టం వచ్చింది. విదేశీ కంపెనీలు ఇక్కడి వాటా 40 శాతానికి తగ్గించుకోవాలన్నారు. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక, జార్జ్ ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రిగా ఉన్నప్పుడు, సంగతి తెగేదాకా లాగారు. కోకాకోలా పోయింది. ఐబీఎం కూడా వాటా తగ్గించుకోనని చెప్పి 1978లో దుకాణం కట్టేసింది. కోకాకోలా పోయిన కథ అందరికీ తెలుసు, ఎందుకంటే తాగేవాళ్లు కోట్లమంది. ఐబీఎం పోయిన కథలో అసలు కష్టం వేరు. కూల్ డ్రింక్ పోతే ఇంకో కూల్ డ్రింక్ తాగొచ్చు. జీతాల లెక్కలు వేసే మిషను ఉన్నపళంగా ఆగితే?

పైగా 1401ని అమ్మడం ఐబీఎం 1971లోనే ఆపేసింది. అంటే 1978 నాటికి అమెరికాలో కూడా అది పాత సామానే. తయారుచేసిన కంపెనీ దేశంలో లేదు, కొత్త పార్టులు రావు, మిషన్లు మాత్రం ఆఫీసుల్లో తిరుగుతూనే ఉన్నాయి.

వాటిని అందుకున్నది కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. 1975 చివర్లో ప్రభుత్వం పెట్టిన సంస్థ. ఐబీఎం వెళ్లాక దేశం మొత్తం మీద 800కి పైగా చోట్ల మిషన్ల మెయింటెనెన్స్ వీళ్ల చేతికి వచ్చింది. పేరు చూడండి: "మెయింటెనెన్స్". తయారీ కాదు, అమ్మకం కాదు, ఉన్నదాన్ని బతికించడం. ఒక దేశం తన పాత కంప్యూటర్లని బతికించుకోడానికి ఏకంగా ఒక సంస్థ పెట్టుకుంది! ఈ హాబీలో ఉన్న నాలాంటివాళ్లకి ఇంతకన్నా పెద్ద తాతగారు ఎవరుంటారు?

1984లో ఆ సంస్థ పేరు పొట్టిగా సీఎంసీ లిమిటెడ్ అయింది. అప్పటికే సికింద్రాబాద్‌లో పరిశోధన విభాగం పెట్టారు, సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లారు. రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్ల మీదికి ఎక్కించింది వీళ్లే, 1985-86 ప్రాంతంలో ఢిల్లీలో మొదలు. క్యూలో నిలబడి కంప్యూటర్ టికెట్ తీసుకున్నాం అంటే అది వీళ్ల చలవ. 2001లో టాటాల చేతికి వెళ్లింది, 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది. సాఫ్ట్‌వేర్ పనికి పేరొచ్చింది, రావాల్సిందే. మెయింటెనెన్స్ అన్న మాట మాత్రం ముందు పేరులోంచి పోయింది, తర్వాత జ్ఞాపకంలోంచి.

ఇప్పుడు కుషాయిగూడ పక్కకి వద్దాం. హైదరాబాద్‌వాళ్లకి ఈసీఐఎల్ అంటే బస్సు ఆగే చోటు. కొంచెం పెద్దవాళ్లకి ఈసీ టీవీ. ఇప్పటి పిల్లలకి ఎలక్షన్ మిషన్ల కంపెనీ. కానీ దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన తొలి కంప్యూటర్లు అక్కడివి.

1967 ఏప్రిల్‌లో అణుశక్తి శాఖ కింద ఈ సంస్థ పెట్టారు. దాని వెనక మనిషి ఏ.ఎస్. రావు, అయ్యగారి సాంబశివరావు. 1914లో పశ్చిమ గోదావరి మోగల్లులో పుట్టారు. అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరు కూడా అదే. బెనారస్‌లో చదివి, స్టాన్‌ఫర్డ్ వెళ్లి, వచ్చి భాభా దగ్గర చేరారు. 1972లో పద్మభూషణ్ వచ్చింది. ఈరోజు ఏ.ఎస్. రావు నగర్‌లో ఫ్లాట్లు కొనేవాళ్లలో ఎంతమందికి ఆ పేరు ఎవరిదో తెలుసు? మా కజిన్ అక్కడే ఉంటాడు. అడిగితే "రియల్ ఎస్టేట్ ఆయన అనుకున్నా" అన్నాడు.

ట్రాంబేలో తయారైన డిజైన్‌తో 1969లో టీడీసీ-12 వచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 12 బిట్‌ల మిషను, విడి ట్రాన్సిస్టర్లు, డయోడ్లతో కట్టింది, మెమరీ ఇందాక చెప్పిన ఫెర్రైట్ రింగులదే. ఆ తర్వాత 1974లో టీడీసీ-312, 1975లో 16 బిట్‌ల టీడీసీ-316. 1970ల మొత్తం మీద ఈసీఐఎల్ అమ్మిన కంప్యూటర్లు వందలోపే. ఎక్కువగా యూనివర్సిటీలకి, ప్రభుత్వ ల్యాబులకి వెళ్లాయి. ఖరీదు ఎక్కువ, రావడం ఆలస్యం, సాఫ్ట్‌వేర్ తక్కువ అని విమర్శలు వచ్చాయి. 1978 తర్వాత ప్రైవేటు కంపెనీలు మైక్రోప్రాసెసర్లతో చిన్న మిషన్లు తేగానే ఆ ఆట అయిపోయింది. ఆ విమర్శలు తప్పని నేను అనను. కానీ విడి ట్రాన్సిస్టర్లతో కంప్యూటర్ కట్టడం అంటే ఏంటో చేతులకి సోల్డర్ అంటినవాడికి తెలుసు. వేల జాయింట్లలో ఒక్కటి పొడిగా ఉన్నా, సోల్డర్ సరిగ్గా కరగకపోయినా, మిషను అబద్ధం చెప్తుంది. అది కూడా రోజూ కాదు, ఎండ ఎక్కువైన రోజున మాత్రమే.

ఆ సోల్డర్ పట్టిన చేతులే 1975లో ఇంకో పని చేశాయి, దాని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, నాకిష్టమైన కథ. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6ని ఒక ఏడాదికి అప్పుగా తీసుకుని, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకి నేరుగా టీవీ చూపించారు. సైట్ ప్రయోగం అంటారు. మన ఆంధ్రప్రదేశ్ ఊళ్లు కూడా ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలతో. హైదరాబాద్‌కి దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977 అక్టోబరులో. అంటే పట్నం కన్నా ముందు ఆ పల్లెలు టీవీ చూశాయి! సెట్లు తయారుచేసింది ఈసీఐఎల్. పైన యాంటెన్నా పది అడుగుల వెడల్పు గొడుగు, దానికి వాడింది కోళ్ల గూళ్లకి కట్టే తీగ వల. కరెంటు లేని ఊళ్లలో బ్యాటరీల మీద నడిపారు.

నాకు ఎప్పుడూ అనిపించేది ఒకటే. ఆ రోజుల్లో మట్టి రోడ్ల మీద, వానలో, ఎలుకలు తీగలు కొరికే గదుల్లో ఆ సెట్లు ఏడాది పాటు నడవాలంటే బాగుచేసే మనుషులు ఎక్కడినుంచో రావాలి. ఉపగ్రహం గురించి బోలెడు రాశారు. స్క్రూడ్రైవర్ పట్టుకుని జీపు దిగినవాళ్ల గురించి ఎంత రాశారు? మా మామ లాంటి మెకానిక్కులు కుషాయిగూడ చుట్టుపక్కల ఎందుకు అంతమంది ఉండేవాళ్లో నాకు చిన్నప్పుడు తెలీదు. ఫ్యాక్టరీ పక్కనుంటే పని నేర్పేవాళ్లు వీధి వీధికీ ఉంటారు, అంతే లెక్క.

సరే, టీడీసీ-12 మీద మనసు పడింది కదా. బాగుచేయడానికి నాకు అది దొరకదు, దొరికినా బేస్‌మెంట్‌లో పట్టదు. కనీసం దాని కాలంనాటి మిషను ఎలా నడిచేదో చేతులతో తెలుసుకోవాలనుకున్నాను. 1965లో అమెరికాలో డెక్ కంపెనీ తెచ్చిన పీడీపీ-8 కూడా 12 బిట్‌లదే. దాని ముందు ప్యానెల్‌ని చిన్న సైజులో తయారుచేసుకునే కిట్టు ఒకటి దొరుకుతుంది, పీడీపీ-8 బదులు పైడీపీ-8 అని పేరు. ఎనభైకి పైగా ఎల్ఈడీలు, వరసగా స్విచ్చులు, వెనక రాస్ప్‌బెరీ పై బోర్డు. ఒక జనవరి నెల మొత్తం రాత్రిళ్లు కూర్చుని కట్టాను. ఎల్ఈడీలన్నీ ఒకే ఎత్తులో నిలబడాలి. ఈ పనిలో కన్‌స్ట్రక్షన్ అనుభవం పనికొచ్చింది. అట్టముక్క కోసి లెవెల్ పట్టినట్టు పట్టాను.

పన్నెండు స్విచ్చులు పైకీ కిందకీ వేసి ఒక సంఖ్య పెడతాం. అన్నీ పైకి ఉంటే 4095. ఒక మీట నొక్కితే అది మెమరీలో ఒక గదిలోకి వెళ్తుంది. ఇంకో సంఖ్య, ఇంకో గది. ఇలా పది పన్నెండు గదులు నింపి స్టార్ట్ నొక్కితే దీపాలు పరుగెత్తుతాయి. మా చిన్నది "నాన్నా, ఇది దీపావళి సీరియల్ సెట్టా?" అని అడిగింది. రెండు అంకెలు కూడి చూపించాను. "ఫోన్‌లో చెయ్యొచ్చుగా" అంది. చెయ్యొచ్చు.

ఇక్కడే అసలు తేడా కనపడుతుంది. ఆ పీడీపీ-8 కిట్టు ఎలా సాధ్యమైంది? దాని మాన్యువళ్లు, సర్క్యూట్ బొమ్మలు, ప్రోగ్రాముల కాగితాలు ఎవరో దాచారు, ఎవరో స్కాన్ చేశారు. బిట్‌సేవర్స్ అనే చోట ఇలాంటివి కుప్పలు కుప్పలుగా ఉచితంగా ఉన్నాయి. ఏ స్విచ్చు ఏ తీగకి పోతుందో, ఏ ఆదేశానికి మిషను ఏం చేస్తుందో కాగితం మీద ఉంటే మిషను లేకపోయినా మళ్లీ పుట్టించొచ్చు. కాలిఫోర్నియాలో మౌంటెన్ వ్యూలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో రెండు ఐబీఎం 1401లు మళ్లీ నడుస్తున్నాయి. ఒకటి జర్మనీ నుంచి తెచ్చారు. 2004లో మొదలుపెట్టి, రిటైరైన ఐబీఎం ఇంజనీర్లు ఏళ్ల తరబడి కూర్చుని ఒక్కో కార్డు బాగుచేశారు. వాళ్ల పక్కన పాత సర్క్యూట్ బొమ్మలు ఉన్నాయి. అవి లేకపోతే అది ఇనప బీరువానే.

మా ఊళ్లోనే వెస్టర్న్ డెవలప్‌మెంట్ మ్యూజియం ఉంది. పిల్లల్ని తీసుకెళ్తుంటాను. 1910 నాటి ఊరి వీధిని లోపల అట్లాగే కట్టి పెట్టారు, పాత ట్రాక్టర్లు వరసగా ఉంటాయి. ముసలి రైతులు వచ్చి ఇంజన్ శబ్దం గురించి వాదించుకుంటారు. గోధుమ పండించే రాష్ట్రం తన ట్రాక్టర్ని దాచుకుంది. సాఫ్ట్‌వేర్ మీద బతికే హైదరాబాద్ తన మొదటి కంప్యూటర్‌ని ఏం చేసింది?

టీడీసీ-312 కోసం, 316 కోసం నేను చాలా రాత్రులు వెతికాను. నాకు దొరికినవి ఒకట్రెండు ఫోటోలు, పరిశోధనా వ్యాసాల్లో అక్కడక్కడా పేరాలు. ఒక్క సర్క్యూట్ బొమ్మ దొరకలేదు. అంతకు ముందుది, బొంబాయిలో టీఐఎఫ్ఆర్‌లో 1960లో నడిపిన టిఫ్రాక్ కూడా, అయిదేళ్లు పని చేశాక విప్పేశారు. అప్పట్లో ఎవరికీ తప్పనిపించి ఉండదు. కొత్త మిషను వస్తే పాతది స్థలం ఆక్రమిస్తుంది, అంతే.

ఎవరినో తప్పుపట్టడానికి నాకు హక్కు కూడా లేదు. అది చెప్తాను, ఎపిసోడ్‌లో చెప్పలేదు.

మామ పోయింది 2009లో. అప్పుడు నేను గల్ఫ్‌లో ఉన్నాను, సెలవు దొరకలేదు. షాపు ఖాళీ చేయాలి, ఓనరు తొందర పెడుతున్నాడు. మా అత్తయ్య ఫోన్ చేసి, "ఏందిరా, మామ కాగితాలు రెండు గోతాలున్నయి, ఏం జేయమంటవ్?" అని అడిగింది. ఆ గోతాల్లో ఏముందో నాకు బాగా తెలుసు. మామ ఇరవై అయిదేళ్లు చేత్తో గీసుకున్న సర్క్యూట్లు. ఏ మోడల్ టీవీలో ఏ పార్టు పోతే ఏం జరుగుతుంది, బదులు ఏ పార్టు పెడితే నడుస్తుంది, గుజరాతీ గల్లీలో అది ఎవరి దగ్గర దొరుకుతుంది, అన్నీ. ఈసీ టీవీల బొమ్మలు ఎక్కువ. వాటితో పాటు ఫ్యాక్టరీలో పనిచేసే దోస్తులు ఎప్పుడో తెచ్చిచ్చిన అచ్చు కాగితాలు కూడా ఉండేవి. అవి దేనివో నేను ఎప్పుడూ చూడలేదు.

నేను సైట్ మీద ఉన్నాను, మధ్యాహ్నం ఎండ, పక్కన క్రేన్ తిరుగుతోంది. "అమ్మేయ్ అత్తయ్యా, ఇప్పుడు ఆ టీవీలు ఎవరు చూస్తున్నారు" అన్నాను. పాత పేపర్ల అతను కిలో లెక్కన తీసుకెళ్లాడు.

ఒక్క కాగితం మిగిలింది, అదీ పొరపాటున. మామ ఇచ్చిన మోట్వానే మల్టీమీటర్ నా దగ్గర ఉంది, దాని డబ్బాలో మడిచి పెట్టి ఉంది. 14 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ సెట్టు పవర్ సప్లై. కింద ఎర్ర పెన్నుతో "ఇక్కడ 110 వోల్టులు రాకపోతే ముందు ఈ డయోడ్ చూడు" అని. దాన్ని స్కాన్ చేశాను. ట్రాన్‌స్క్రిప్ట్ పేజీలో పెట్టమని పంపాను కూడా, ఎవరికి పనికొస్తుందో తెలీదు.

కాబట్టి ఈ పాడ్‌కాస్ట్ వినేవాళ్లకి నా అభ్యర్థన ఇది. 1970ల్లో ఇరవై అయిదేళ్ల వయసులో ఉద్యోగంలో చేరినవాళ్లకి ఇప్పుడు డెబ్బై దాటింది. వాళ్లలో చాలామంది ఏ.ఎస్. రావు నగర్, కాప్రా, సైనిక్‌పురి, తార్నాక చుట్టుపక్కల ఉంటారు, లేదా మీలాగా నాలాగా పిల్లల దగ్గరికి వచ్చి కెనడాలోనో అమెరికాలోనో చలికి కిటికీ దగ్గర కూర్చుని ఉంటారు. మీ నాన్నగారో, మామగారో, పక్కింటి అంకులో ఈసీఐఎల్‌లోనో, కంప్యూటర్ మెయింటెనెన్స్‌లోనో, ఐబీఎం బొంబాయిలోనో పనిచేసి ఉంటే, ఒక ఆదివారం పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డ్ ఆన్ చేయండి. పెద్ద ప్రశ్నలు వద్దు. "రోజూ పొద్దున మిషన్ దగ్గరికెళ్లి ముందు ఏం చూసేవాళ్లు? ఎక్కువసార్లు ఏది పోయేది? పార్టు దొరక్కపోతే ఏం చేసేవాళ్లు?" ఈ మూడు చాలు. పనివాడు పని గురించి అడిగితే ఆగడు.

అటక మీద కాగితాలుంటే ముందు ఎండ తగలకుండా, తేమ తగలకుండా ఒక చోట పెట్టండి. స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి, లాగకండి, చించుతాయి, వెనకనుంచి కాళ్లు ఎత్తి తీయండి. పెద్ద సర్క్యూట్ షీటు అయితే నేల మీద పరిచి, పైనుంచి నేరుగా ఫోటో తీయండి, నీడ పడకుండా పగలు కిటికీ వెలుతురులో. మూలల్లో ఉండే చిన్న అంకెలు, షీటు నంబరు, తారీఖు తప్పకుండా పడాలి. పెన్సిల్‌తో ఎవరో రాసిన గీతలుంటే చెరపకండి. అసలు విషయం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

కార్డులు, బోర్డులు ఏవైనా ఉంటే కరెంటు మాత్రం ఇవ్వకండి. నాకు ఫోటో పంపండి. నా దగ్గర బల్బు ఉంది.